పలకని అక్షరాలు చెప్పే కథ

పదో తరగతి వరకు తెలుగులో సైన్సు చదివి, ఇంటర్మీడియట్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం చేతపట్టిన విద్యార్థిని అడిగి చూడండి. పాఠం అర్థం కావడం కన్నా ముందే ఇంకొక చిక్కు వచ్చిపడుతుందంటాడు. మాట కళ్ళెదుట కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని పైకి ఎలా అనాలో తెలియదు. పి-ఎస్-వై-సి-హెచ్ అని మొదలయ్యే మాటను కూడబలుక్కొని ‘ప్సైచాలజీ’ అంటాడు. అది ‘సైకాలజీ’ అని ఎవరో దిద్దుతారు. వెనక బెంచీలో కిసుక్కున నవ్వు వినిపిస్తుంది. మర్నాటి నుంచి సందేహం వచ్చినా ఆ విద్యార్థి నోరు తెరవడు.

నష్టం ఆ ఒక్క మాటతో పోదు. ప్రశ్న అడగడం మానుకున్న విద్యార్థి క్రమంగా ఆ శాస్త్రానికే దూరమవుతాడు. కాబట్టి ఆ నవ్వు న్యాయమైనదేనా అని ముందుగా విచారిద్దాం. ఆ ‘పి’ అక్కడ ఎందుకుంది? ఉండి ఎందుకు పలకదు? పలకనప్పుడు తీసివేయకూడదా? ఈ ప్రశ్నలకు జవాబులు వెదికితే ఒక సంగతి తేలుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగు అర్థంలేని గందరగోళం కాదు. పలకని అక్షరాలే చాలాసార్లు మాట అర్థాన్ని పట్టి ఇస్తాయి.

ఈ వ్యాసంలో ఇంగ్లీషు మాటలను పలికే తీరులోనే తెలుగులో రాశాం. స్పెల్లింగు ముఖ్యమైన చోట అక్షరాల పేర్లు విడిగా చెప్పాం.

మన లిపి సంగతేమిటి?

తెలుగులో రాసినట్టే పలుకుతామని, పలికినట్టే రాస్తామని గర్వంగా చెప్పుకొంటాం. చాలావరకు అది నిజమే, పూర్తిగా మాత్రం కాదు. ‘బ్రహ్మ’ అని రాసి ‘బ్రమ్హ’ అంటాం. ‘చిహ్నం’ అని రాసి ‘చిన్హం’ అంటాం. ‘జ్ఞానం’ అనే మాటలో జకారం కింద ఞకారం ఒత్తు ఉంది. మన నోట మొదట వినిపించేది గకారం. ‘చిలక’లో చకారం, ‘చాప’లో చకారం రాతలో ఒకటే, పలుకులో వేరు. వీటిని మనం తప్పులనుకోం. చిన్నప్పటి నుంచి వింటున్నాం కనుక అసలు వాటి ఊసే మనకు తట్టదు.

దీనికి కారణం ఒకటే. నోటిమాట కాలంతో మారుతూ ఉంటుంది. రాత అంత త్వరగా మారదు. ఈ రెంటి మధ్య ఎడం తెలుగులో కొద్దిగా ఉంది, ఇంగ్లీషులో చాలా ఉంది.

అచ్చు స్థిరపడింది, పలుకు కదిలిపోయింది

ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రాన్ని విలియం కాక్స్‌టన్ 1476లో లండన్ చెంతనున్న వెస్ట్‌మినిస్టర్‌లో నెలకొల్పాడు. అంతవరకు ఒకే మాటను ఒక్కో లేఖకుడు ఒక్కో విధంగా రాసేవాడు. అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లమెల్లగా స్థిరపడ్డాయి. అయితే ఆ కాలంలోనే ఇంగ్లీషు ఉచ్చారణ పెద్ద మార్పుకు లోనవుతోంది. సుమారు 1400 నుంచి 1700 వరకు జరిగిన ఈ మార్పులో దీర్ఘాచ్చులన్నీ తమ చోట్లు మార్చుకొన్నాయి. దీనికి ‘గ్రేట్ వవెల్ షిఫ్ట్’ అని పేరుపెట్టినవాడు డెన్మార్కు భాషావేత్త ఓటో యెస్పర్సన్. ఇప్పుడు ‘నేమ్’ అని పలికే మాటను ఈ మార్పుకు ముందు దాదాపు ‘నామ’ అనేవారు. ‘టైమ్’ను ‘టీమ’ అని, ‘హౌస్’ను ‘హూస్’ అని అనేవారు. అక్షరాలు పాత పలుకుకు తగినట్టే ఉండిపోయాయి. పలుకు వాటిని వదిలి ముందుకు వెళ్ళిపోయింది.

హల్లులకూ ఇదే గతి పట్టింది. మోకాలు అనే అర్థంగల ‘నీ’ అనే మాటను కె-ఎన్-ఈ-ఈ అని రాస్తారు. ఆ కె ఒకప్పుడు స్పష్టంగా పలికేది. 17వ శతాబ్దం ముగిసే నాటికి మాట మొదట్లో ‘క్న్’ అనే జంటను పలకడం ఇంగ్లీషువారు మానేశారు. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మన్ భాషలో మోకాలును ఇప్పటికీ ‘క్నీ’ అనే అంటారు.

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఒక మాట గుర్తుకు తెచ్చుకొందాం. మోకాళ్ళను తాకేంత పొడవైన చేతులున్నవాణ్ణి ‘ఆజానుబాహువు’ అంటాం. అందులోని ‘జాను’ అంటే మోకాలు. గ్రీకులో మోకాలుకు ‘గోను’ అని పేరు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో చేసిన ప్రసంగంలో సూచించాడు. ఇంగ్లీషు, జర్మన్ కూడా ఆ కుటుంబానివే. ఆ మూలభాషలోని ఒక ధ్వని సంస్కృతంలో జకారంగా, గ్రీకులో గకారంగా, ఇంగ్లీషులో కకారంగా మారింది. తెలుగు ఈ కుటుంబానికి చెందదు, అది ద్రావిడ భాష. కాని సంస్కృతం నుంచి వచ్చి చేరిన మాటలు తెలుగులో ఎన్నో ఉన్నాయి కనుక ఈ చుట్టరికం మన కళ్ళకు సులువుగా కనిపిస్తుంది.

ఈ సూత్రాన్ని ఇంకొక మాట మీద ప్రయోగించి చూడండి. తెలుసుకోవడం అనే అర్థంగల ‘నో’ అనే మాట కె-ఎన్-ఓ-డబ్ల్యు. గ్రీకులో ఎరుకకు ‘గ్నోసిస్’ అని పేరు. సంస్కృతంలో ‘జ్ఞానం’. కకారం, గకారం, జకారం అవే వరసలో వచ్చాయి కదా! ఇంగ్లీషులో పలకని ఆ కె మన ‘జ్ఞ’కు తోబుట్టువన్నమాట.

‘నైట్’ అంటే రాత్రి. మధ్యలో జి-హెచ్ అనే రెండు అక్షరాలు ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ గొంతును ఒరుసుకొంటూ వచ్చే ‘హ్’ లాంటి ధ్వని ఉండేది. జర్మన్ ‘నాఖ్ట్’లో అది ఇంకా వినిపిస్తుంది. కార్తీక మాసంలో పగలంతా ఉపవాసముండి రాత్రి భోజనం చేయడాన్ని ‘నక్తం’ అంటాం. ఈ మూడూ ఒకే మాటకు మూడు రూపాలు. అలాగే కూతురు అనే అర్థంగల ‘డాటర్’లో పలకని జి-హెచ్‌కు సంస్కృత ‘దుహిత’లోని హకారం చుట్టమే.

పండితులు చేర్చిన అక్షరాలు

పలకని అక్షరాలన్నీ ఒకప్పుడు పలికినవే అనుకొంటే పొరపాటు. కొన్నింటిని పండితులు తరువాత కావాలని చేర్చారు. అప్పు అనే అర్థంగల ‘డెట్’ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదు. దాని లాటిన్ మూలం ‘డెబిటుం’ అని చూపించడానికి బి చేర్చారు. ఇంగ్లీషువారి నోట అది ఏనాడూ పలకలేదు. రసీదు అనే అర్థంగల ‘రిసీట్’లోని పి కూడా ఇదే విధంగా లాటిన్‌ను చూసి చేర్చినది.

ఈ ఉత్సాహంలో తప్పులూ జరిగాయి. దీవి అనే అర్థంగల ‘ఐలండ్’ అచ్చమైన ఇంగ్లీషు మాట. లాటిన్‌లో దీవిని ‘ఇన్సులా’ అంటారు. దాని నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘ఐల్’ అనే మాటతో కలగాపులగం చేసి, ‘ఐలండ్’లో కూడా ఎస్ చొప్పించారు. ఆ ఎస్‌కు అక్కడ పనే లేదు. కాని ‘ఇన్సులా’ సైన్సు విద్యార్థికి పనికివచ్చే మాట. క్లోమంలో చిన్న దీవుల్లా కనిపించే కణాల గుంపుల నుంచి వచ్చే హార్మోను కాబట్టే దానికి ‘ఇన్సులిన్’ అని పేరు వచ్చింది.

మంచు ప్రాంతాలలో ఉండే ‘టార్మిగన్’ అనే పక్షి పేరు మరీ వింత. అది స్కాట్లండులోని గేలిక్ భాష నుంచి వచ్చింది. గ్రీకు మాట కాబోలునని ఎవరో భ్రమపడి మొదట్లో ఒక పి తగిలించారు. ఆ అనవసరపు పి ఈనాటికీ దాన్ని వదల్లేదు.

నిద్రపోయే అక్షరాలు, మేలుకొనే అక్షరాలు

ఇప్పుడు మన ‘సైకాలజీ’ దగ్గరకు వద్దాం. గ్రీకులో ‘ప్సూఖే’ అంటే ప్రాణం, ఆత్మ. ‘ప్స్’ అనే ధ్వనికి గ్రీకులో ఒకే అక్షరం ఉంది. భౌతికశాస్త్రంలో తరంగ ప్రమేయానికి గుర్తుగా వాడే త్రిశూలం లాంటి ‘సై’ అక్షరం అదే. గ్రీకులు దాన్ని పకారంతో సహా పలికేవారు. మాట మొదట్లో ‘ప్స్’, ‘ప్న్’, ‘ప్ట్’ అనే జంటలు ఇంగ్లీషువారి నోటికి అలవాటు లేదు. అందుచేత పకారం జారిపోయింది. ఫ్రెంచివారు, జర్మన్లు నేటికీ ఈ మాటలో పకారాన్ని పలుకుతారు. అంటే తరగతిలో నవ్వులపాలైన ఆ విద్యార్థి పలికిన పకారాన్ని పారిస్‌లో గాని, బెర్లిన్‌లో గాని ఎవరూ తప్పుపట్టరు!

ఈ జంటలు మాట మధ్యలో వస్తే ఏమవుతుంది? ‘ప్టెరోన్’ అంటే గ్రీకులో రెక్క. ఎగరడం, పడటం అనే అర్థాలున్న సంస్కృత ధాతువు ‘పత్’ దీనికి బంధువు. రాక్షసబల్లుల కాలంలో ఎగిరిన ‘టెరోడాక్టిల్’ అనే సరీసృపం పేరు పి-టి తో మొదలవుతుంది, పి పలకదు. ‘డాక్టిల్’ అంటే వేలు. చాలా పొడుగ్గా సాగిన ఒక వేలు దాని రెక్కకు ఊతంగా ఉండేది కనుక రెక్కవేలు అని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ‘హెలికాప్టర్’ అనండి. పి హాయిగా పలుకుతోంది! ‘హెలికో’ అంటే సుడి తిరిగినది, ‘ప్టెర్’ అంటే రెక్క. మనం ‘హెలీ’, ‘కాప్టర్’ అని విడగొట్టుకొంటాం గాని అసలు కీలు ‘హెలికో’కూ ‘ప్టెర్’కూ మధ్య ఉంది. జంతుశాస్త్రంలో కీటకాల క్రమాల పేర్లు కూడా ఇటువంటివే. డిప్టెరా అంటే రెండు రెక్కలవి: ఈగలు, దోమలు. కోలియాప్టెరా అంటే ఒరలాంటి రెక్కలవి: పెంకు పురుగులు. లెపిడాప్టెరా అంటే పొలుసుల రెక్కలవి: సీతాకోకచిలుకలు. ఈ పేర్లను ఇక బట్టీపట్టనక్కరలేదు.

సూత్రం ఏమిటో గ్రహించారా? మాట మధ్యలో వచ్చినప్పుడు జంటలోని మొదటి హల్లు వెనకటి అచ్చును ఆసరా చేసుకొంటుంది. మనం ‘స్వప్నం’ అనే మాటను ‘స్వప్’, ‘నం’ అని విరిచి పలికినట్టే ఇదీను. మాట మొదట్లో ఆసరా దొరకదు, అక్షరం నిద్రపోతుంది. ‘న్యుమోనియా’లో పి పలకదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే ‘స్లీప్ ఆప్నియా’ అనే జబ్బు పేరులో అదే పి మేలుకొంటుంది. రెండింటిలోనూ ఉన్నది ఊపిరికి సంబంధించిన గ్రీకు ధాతువే. ‘గ్నోసిస్’లోని జి వ్యాధి నిర్ధారణ అనే అర్థంగల ‘డయాగ్నోసిస్’లో చక్కగా పలుకుతుంది. టి. హెచ్. హక్స్‌లీ 1869లో కల్పించిన ‘అగ్నాస్టిక్’ అనే మాటలోనూ అంతే. దానికి తెలుగులో ‘అజ్ఞేయవాది’ అంటాం. ‘అ’కు ‘అ’, ‘గ్న’కు ‘జ్ఞ’ ఎదురెదురుగా సరిపోవడం గమనించండి.

మాట చివర కూడా ఇదే జరుగుతుంది. చివర్లో నిద్రపోయిన అక్షరం, దాని వెనక అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం చేరితే లేచి కూర్చుంటుంది. కొన్ని ఉదాహరణలు:

‘సైన్’ (గుర్తు)లో జి పలకదు, ‘సిగ్నల్’లో పలుకుతుంది.
‘కాలం’ (నిలువు వరస, స్తంభం)లో చివరి ఎన్ పలకదు, ‘కాలమ్నిస్ట్’లో పలుకుతుంది.
‘బాంబ్’లో చివరి బి ఇంగ్లీషువారి నోట పలకదు, ‘బంబార్డ్’లో పలుకుతుంది.
‘ఫ్లెం’ (కఫం)లో జి పలకదు, ‘ఫ్లెగ్మాటిక్’లో పలుకుతుంది.
‘మజిల్’ అని మనవారు తరచు పలికే మాట (కండరం) సరైన ఉచ్చారణ ‘మసల్’. అందులో సి పలకదు; ‘మస్క్యులర్’లో పలుకుతుంది.

పలకని అక్షరాన్ని తీసివేస్తే ఏమవుతుందో ఇప్పుడు తెలిసింది కదా. ‘సైన్’కూ ‘సిగ్నల్’కూ ఉన్న చుట్టరికం కంటికి కనిపించకుండా పోతుంది.

పలకని అక్షరాలకు పరాకాష్ఠ ‘థైసిస్’. ఇది పి-హెచ్-టి-హెచ్ అనే నాలుగు హల్లులతో మొదలవుతుంది! కొందరు దీన్ని ‘టైసిస్’ అని కూడా అంటారు. ఊపిరితిత్తుల క్షయకు ఇది పాత పేరు. శరీరం క్షీణించిపోవడం అని గ్రీకు అర్థం. మన ‘క్షయ’కూ అదే అర్థం. అర్థమే కాదు, ధాతువూ ఒకటే. గ్రీకువారి ‘ఫ్థి’కి మన ‘క్షి’ తోబుట్టువు అని భాషావేత్తలు చెబుతారు.

ఒకే సి-హెచ్, మూడు ఊళ్ళు

సి-హెచ్ కలిస్తే ఎలా పలకాలి? మాట ఏ ఊరిదో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఇంగ్లీషులో పాతకాలం నుంచి ఉన్న మాటలైతే చకారం: చైల్డ్, చీజ్, చర్చి. గ్రీకు నుంచి వచ్చినవైతే కకారం: కెమిస్ట్రీ, క్లోరోఫిల్, క్రోమోజోమ్, ఎకో, ఆర్కియాలజీ. ఇటీవలి కాలంలో ఫ్రెంచి నుంచి వచ్చినవైతే షకారం: మెషీన్, పారాచూట్‌ను ఇంగ్లీషువారు పలికే ‘పారషూట్’. శాస్త్ర పదాలలో ఎక్కువ భాగం గ్రీకువి కనుక సైన్సు పుస్తకంలో కొత్త మాటలో సి-హెచ్ కనిపిస్తే ముందుగా కకారమే అనుకోవచ్చు. పి-హెచ్ ఫకారంగా పలికినా, ఆర్ పక్కన పలకని హెచ్ కనిపించినా, అవి కూడా గ్రీకు గుర్తులే: ఫాస్ఫరస్, రైజోమ్.

అల్లకల్లోలం అనే అర్థంగల ‘కేయాస్’ కూడా సి-హెచ్ తో మొదలయ్యే గ్రీకు మాటే. 17వ శతాబ్దంలో ఫ్లెమిష్ రసాయనవేత్త వాన్ హెల్మోంట్ గాలిలాంటి పదార్థాలకు ఒక పేరు కావలసివచ్చి ఈ మాటనే ఎంచుకొన్నాడు. ఆయన భాషలో జి అక్షరం గ్రీకు సి-హెచ్‌కు దగ్గరగా పలుకుతుంది. అందుచేత ‘గ్యాస్’ అని రాశాడు. మన వంటింటి గ్యాస్ పేరు అలా పుట్టింది.

45 అక్షరాల మాట

ఇంగ్లీషులో అతి పొడవైన మాట ఏదని క్విజ్ పోటీలలో అడుగుతుంటారు. పెద్ద నిఘంటువులలో చోటు చేసుకొన్న ఒక మాటలో 45 అక్షరాలున్నాయి. ‘న్యూమోనో-అల్ట్రా-మైక్రోస్కోపిక్-సిలికో-వాల్కేనో-కోనియోసిస్’. చదవడానికి ఊపిరి చాలదు. కాని ముక్కలు చేసి చూడండి. న్యూమోనో అంటే ఊపిరితిత్తి. అల్ట్రా అంటే మించిన. మైక్రోస్కోపిక్ అంటే సూక్ష్మదర్శినికి సంబంధించిన. సిలికో అంటే సిలికా. వాల్కేనో అంటే అగ్నిపర్వతం. కోని అంటే ధూళి. ఓసిస్ అంటే జబ్బు లేదా స్థితి. కంటికి ఆనని సిలికా ధూళి పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు అని అర్థం తేలిపోయింది.

ఈ మాటను 1935లో అమెరికాలో పదవినోదాల సంఘంవారు సరదాకి కల్పించారు. వైద్యులు దీన్ని వాడరు. జబ్బు మాత్రం సరదా కాదు. రాతి క్వారీలలో, రాయి పొడికొట్టే మిల్లులలో పనిచేసేవారికి వచ్చే ‘సిలికోసిస్’ ఇదే తరహా వ్యాధి. పొడవైన మాటను చూసి బెదరనక్కరలేదు, ముక్కలు తెలిస్తే చాలు. ఒక యాభై గ్రీకు, లాటిన్ ముక్కలు నేర్చుకొన్న విద్యార్థి కొన్ని వందల శాస్త్ర పదాల అర్థం తానే ఊహించగలడు.

ఊనిక ఎక్కడ?

అక్షరాల చిక్కు విడిపోయినా ఇంకొక చిక్కు మిగులుతుంది. అదే ఊనిక. తెలుగులో ఊనిక మారితే మాట అర్థం మారదు. మనం ప్రతి అక్షరానికీ దాని విలువ దానికి ఇచ్చి పలుకుతాం. ఇంగ్లీషులో అలా కాదు. మాటలో ఒక భాగాన్ని గట్టిగా, స్పష్టంగా పలికి మిగతావాటిని నలిపివేస్తారు. ఊనిక మారితే అచ్చులే మారిపోతాయి. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటి భాగం మీద. ‘ఫటాగ్రఫీ’లో రెండో దాని మీద. ‘ఫోటగ్రాఫిక్’లో మూడో దాని మీద. మొదట్లో ఉన్న అవే అక్షరాలు మూడు చోట్లా మూడు రకాలుగా పలికాయి.

ఇందులోనూ కొన్ని సూత్రాలున్నాయి. ‘-లజీ’, ‘-గ్రఫీ’ అని ముగిసే మాటలలో ఊనిక వాటికి సరిగ్గా ముందున్న భాగం మీద పడుతుంది: బయాలజీ, జియాలజీ, జియాగ్రఫీ. ‘-ఇక్’ అని ముగిసే మాటలలో ఎక్కువగా దానికి ముందున్న భాగం మీద పడుతుంది: సైంటిఫిక్, అటామిక్, ఎలెక్ట్రానిక్. ‘అరిథ్మెటిక్’ వంటి కొన్ని మాటలు ఈ సూత్రానికి లొంగవు; అంకగణితం అనే అర్థంలో దాని ఊనిక ‘రిథ్’ మీద ఉంటుంది.

కొలత సాధనాల పేర్లు చూడండి. మనం ‘థర్మోమీటర్’ అనం, ‘థర్మామీటర్’ అంటాం. ఎందుకు? ఇంగ్లీషులో ఊనిక ‘మా’ మీద ఉంది కనుక. ఆ ఊనిక మన నోటికి ‘ఆ’ రూపంలో వచ్చి చేరింది. బరామిటర్, హైడ్రామిటర్ అనేవీ అంతే. పొడవు కొలమానాల పేర్లలో ఊనిక సాధారణంగా మొదట ఉంటుంది: సెంటీమీటర్, మిల్లీమీటర్. ఈ తేడా తెలిస్తే ఒక మేలు ఉంది. ప్రయోగశాలలో వాడే స్క్రూగేజికి ‘మైక్రామిటర్’ అని పేరు. మీటరులో పది లక్షలవ వంతు ‘మైక్రోమీటర్’. మాట దాదాపు ఒకటే, ఊనికే వాటిని వేరు చేస్తుంది.

పేర్లు, రెండు ఒప్పులు

భౌతికశాస్త్రం, గణితం చదివేవారిని వ్యక్తుల పేర్లు కూడా తికమకపెడతాయి. ఇవి ఇంగ్లీషు మాటలే కావు కనుక ఆయా భాషల పద్ధతిలో పలకాలి. ఈ-యు తో మొదలయ్యే స్విట్జర్లాండ్ గణితవేత్త పేరు యూలర్ కాదు, ఆయిలర్. పదార్థ తరంగాలను ప్రతిపాదించిన ఫ్రెంచి శాస్త్రవేత్త డి బ్రోగ్లీ కాదు, డి బ్రోయ్. రసాయన సమతాస్థితి సూత్రం ల షాతలియే గారిది. జర్మన్‌లో ఈ-ఐ కలిస్తే ‘ఐ’ అని పలుకుతారు కాబట్టి ఐన్‌స్టీన్ కన్నా ఐన్‌స్టైన్ సరైన పలుకు.

కొన్ని మాటలకు రెండు ఉచ్చారణలూ ఒప్పే. ‘విటమిన్’ అన్నా, అమెరికాలో మాదిరిగా ‘వైటమిన్’ అన్నా తప్పులేదు. ‘షెడ్యూల్’ బ్రిటన్ పలుకు, ‘స్కెడ్యూల్’ అమెరికా పలుకు. అల్యూమినియానికి హంఫ్రీ డేవీ 1808లో ‘అల్యూమియం’ అని, 1812లో ‘అల్యూమినం’ అని పేర్లు పెట్టాడు. సోడియం, పొటాషియం పేర్లతో జత కుదరాలని బ్రిటన్‌లో ‘అల్యూమినియం’ చేశారు. అమెరికావారికి అది నేటికీ ‘అలూమినం’. ఇటువంటి మాటల విషయంలో ఎదుటివారిని దిద్దబోయేవారే ముందుగా నిఘంటువు చూసుకోవాలి.

మన మాట వారి నోట

ఇంగ్లీషువారు మన మాటలను ఎలా పలికారో కూడా చూద్దాం. పొలంగట్లకు బొరియలు చేసి ధాన్యం ఎత్తుకుపోయే పందికొక్కు మన రైతులందరికీ తెలుసు. ఈ తెలుగు మాటను 18వ శతాబ్దంలో ఇంగ్లీషువారు ‘బ్యాండికూట్’ చేశారు. పకారం బకారమైంది, కొక్కు కూట్ అయింది. ఈ ఎలుకల ప్రజాతికి శాస్త్రీయ నామం కూడా ‘బ్యాండికోటా’ అయింది. తరువాత ఆస్ట్రేలియాలో కంగారూలాగా కడుపుసంచిలో పిల్లలను సాకే కొన్ని చిన్న జంతువులకు, వాటికీ పందికొక్కుకూ చుట్టరికం లేకపోయినా, అదే పేరు పెట్టారు. తమిళ కట్టుమరం ‘కాటమరాన్’ అయింది. మరాఠీ ముంగూస్ ‘మంగూస్’ అయింది. మన ముంగిస దాని తోబుట్టువే. ఈ మాటలను మార్చి పలికినందుకు ఇంగ్లీషువారిని చూసి ఎవరూ నవ్వలేదు. పైగా ఆ మార్పులే నిఘంటువుకు ఎక్కాయి. ఒక భాష మాట ఇంకొక భాషవారి నోట పడితే రూపు మారడం సహజం.

ఏం చేయాలి?

అలాగని ఎలా పలికినా ఫరవాలేదనుకోకూడదు. మనం చెప్పేది ఎదుటివారికి తెలియాలంటే అందరూ ఒప్పుకొన్న పలుకును నేర్చుకోవలసిందే. కొత్త మాట ఎదురైనప్పుడు ఈ మూడు పనులు చేయండి. మొదట దాన్ని ముక్కలు చేసి ఏ భాషదో, ఏమి అర్థమో ఊహించండి. తరువాత నిఘంటువులో ఉచ్చారణ చూడండి. అక్కడ వాడే గుర్తులు అంతర్జాతీయ ధ్వనిలిపికి సంబంధించినవి. 1886లో పారిస్‌లో ఏర్పడిన సంఘం దీన్ని రూపొందించింది. డేనియల్ జోన్స్ 1917లో ప్రచురించిన ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు ఈ గుర్తులకు ప్రచారం తెచ్చింది. అందులో పైన ఉండే చిన్న నిలువు గీత ఊనికను సూచిస్తుంది. గీత తరువాతి భాగాన్ని ఒత్తి పలకాలి. తలకిందులైన ‘ఈ’ అక్షరం నలిగిపోయిన అచ్చుకు గుర్తు. నేటి సెల్‌ఫోనులోని నిఘంటువులు మాటను పలికి వినిపిస్తాయి కూడా. చివరగా, ఆ మాటను పైకి మూడుసార్లు అని, ఒక వాక్యంలో పెట్టి వాడండి. నోటికి రాని మాట చెవికి తెలిసినా నిలవదు.

ఇక తరగతిలో ఎవరైనా ‘ప్సైకాలజీ’ అంటే గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఆ విద్యార్థి ఆ మాటను ఎవరి నోటా వినలేదు, పుస్తకంలో తానే చదివి తెలుసుకొన్నాడు. ఇంగ్లీషువారు వదిలేసిన గ్రీకు పకారాన్ని కంటికి కనిపించినట్టు పలికాడు. అతణ్ణి దిద్దాలి, ఆ పకారం కథ కూడా చెప్పాలి. నవ్వితే ఒక ప్రశ్న ఆగిపోతుంది. కథ చెబితే ఇంకో పది మాటలు అతడే విప్పుకొంటాడు.